పొగమంచులో సముద్రం

బ్రిటన్‌లో ఉన్న రెండేళ్లూ శనివారం వస్తే నేనూ మా ఆయనా ఏదో ఒక ఊరు చూడ్డానికి బయల్దేరేవాళ్లం. మిగతా రోజుల్లో ఆయన గోడౌన్‌లో పెట్టెలు మోసేవారు, నేను ముసలివాళ్ల హోమ్‌లో పనిచేసేదాన్ని. చదువుకు తగ్గ ఉద్యోగం ఇద్దరికీ దొరకలేదు.

వీసా అయిపోయే ముందు, చివరిసారిగా సముద్రం చూడ్డానికి వెళ్లాం. ఒడ్డంతా పొగమంచు. అలల చప్పుడే గానీ నీళ్లు కనిపించలేదు. బెంచీ మీద కూర్చుని, చల్లారిపోయిన పులిహోర తిన్నాం.

“కాసేపు ఆగుదామండీ, మంచు విడిపోతుందేమో” అన్నాను.

“ఎంతసేపని ఆగుతం? పోదాం పా” అన్నారాయన, తన నల్గొండ మాటలో. రైల్లో దారంతా నా చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో అద్దెకుంటున్నాం. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో, విదేశాలకు పిల్లల్ని పంపే ఒక కన్సల్టెన్సీలో చేరారు. ఆయన ఫోన్‌లో మా పాత ఫోటోలు చూసి “అక్కడ ఎట్లుంటదన్నా?” అని పిల్లలు అడుగుతారట. “మంచిగుంటది” అనే చెప్పాలి, అదే ఆయన ఉద్యోగం.

ఆదివారాలు గోడవైపు తిరిగి పడుకుంటారు. ట్యాంక్‌బండ్ దాకా వెళ్లొద్దామంటే, “ఏమున్నది చూడనీకి?” అంటారు. ఈమధ్య అడగడం మానేశాను.