దసరా బొట్టున్న వీడియో గేమ్

ఇబ్రహీంపట్నం బస్టాండులో కలిసిన ఒకామె గురించి నా డైరీలో పేజీ నిండా రాసుకున్నాను. నలభై ఏళ్లుంటాయి. యాచారం నుంచి వచ్చి, నా పక్కన కూర్చుని హైదరాబాద్ బస్సు కోసం చూస్తోంది. ఒళ్లో, చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న పాత వీడియో గేమ్ పెట్టె. ఇలాంటివి పోగుచేసే ఒకాయన దానికి పన్నెండు వేలు ఇస్తానన్నాడట. మూత మీది ఎర్రని మరక పోకపోతే మాత్రం ఎనిమిదే. ఆ డబ్బుతో వంటింటి మీద కొత్త రేకులు వేయించాలని ఆమె ఆలోచన.

"మరక గాదు బాపు, దసర బొట్టు. మా అమ్మ కుట్టు మిషనుకు పెట్టినంక దీనికి గూడ పెడుతుండె. కరెంటుతోని నడిచేదేదైనా ఆమె లెక్కల పనిముట్టే. పోయినేడు చనిపోయింది."

షుగర్ పరీక్ష కోసం సంచిలో ఉంచుకునే స్పిరిట్ దూది తీసి ఇచ్చాను.

"దీంతోని తుడువమ్మా, నిమిషంల పోతది," అన్నాను. అది పోతుందనడంలో నాకు ఏ అనుమానమూ లేదు.

ఆమె బొట్టును తాకకుండా చుట్టూ ఉన్న దుమ్మంతా ఓపికగా తుడిచింది. తర్వాత ఆ కొంటానన్న ఆయనకు ఫోన్ చేసింది.

"అన్నా, ఎనిమిదికే ఇస్త. గని బొట్టు తుడువనని మాటియ్యి."

అవతలి మాట విని నవ్వింది.

"కొన్నంక నీ ఇష్టమంటవా? అయితే అది మా ఇంట్లనే ఉంటది. రేకులు వచ్చేయేడు ఏయించుకుంటం తియ్యి."

హైదరాబాద్ బస్సు వచ్చి ఆగింది. ఆమె పెట్టెను కొంగులో చుట్టుకుని, వెళ్లి యాచారం బస్సు ఎక్కింది.