ఏ క్లస్టర్‌లో ఉన్నాను?

డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పాను. ఆ కాలేజీ మూతపడ్డాక బ్రాడీపేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. కింద ఫిజియోథెరపీ క్లినిక్, పైన మేము. కోల్డ్ స్టోరేజీల్లో ఏ రైతు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఏ గదిలో ఉన్నాయో చూపించే ప్రోగ్రాం మాది. నన్ను అక్కడ చేర్పించింది ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీలో కూర్చున్న విద్యార్థే. ఇప్పుడు అతనే నాకు పని చెప్పే సీనియర్. అయినా నన్ను మేడమ్ అనే పిలుస్తాడు, నేనూ అతన్ని నువ్వు అనే అంటాను. మా ఇద్దరిలో ఎవరు ఎవరికి పాఠం చెబుతున్నారో తేలేది కాదు.

ఆ వారం అతను వినుకొండలో అత్తగారింట్లో ఉన్నాడు. కూతురు పుట్టింది. వెళ్తూ వెళ్తూ నాకో పని అప్పగించాడు. ప్రోగ్రాంలో ఏ మార్పు చేసినా దాన్ని అప్పటిదాకా మేమే సర్వర్లలోకి ఎక్కించేవాళ్లం. ఇకమీదట ఆ పని తనంతట తాను చేసే డిప్లాయ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టాలనుకున్నారు. దాన్ని ఇన్‌స్టాల్ చేసేముందు నా ల్యాప్‌టాప్‌నీ, క్లస్టర్‌నీ సిద్ధం చెయ్యాలి.

క్లస్టర్ అంటే కొన్ని కంప్యూటర్లు కలిసి ఒకదానిలా పనిచెయ్యడం. వాటి మీద ప్రోగ్రాములు కంటైనర్లలో నడుస్తాయి, తమకి కావలసినవన్నీ మూటగట్టుకుని వచ్చినట్టు. ఇదంతా నేను బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పినదే. గీయడం వేరు, చెయ్యడం వేరు. మా క్లస్టర్ ముంబయిలో ఎక్కడో ఉందన్నారు. నా ల్యాప్‌టాప్ అంతకుముందు పనిచేసి మానేసిన ఒకాయనది. అందులో ఆయన ఏమేం పెట్టుకున్నాడో నాకు తెలియదు.

మోకాళ్ల నొప్పులకని అమ్మ పర్చూరు నుంచి వచ్చి అప్పుడు నా దగ్గరే ఉంటోంది. కింద క్లినిక్‌లో వంతు వచ్చేదాకా పైకొచ్చి నా పక్క కుర్చీలో కూర్చునేది. మాది దూదేకుల కుటుంబం. నాన్న పరుపులు కుట్టేవాడు, అమ్మ దూది ఏకేది. చేతిలో పని లేకుండా కూర్చోవడం ఆమెకి చేతకాదు. అందుకని నా పని చూస్తూ కూర్చునేది.

సూచనల పేజీ తెరిచి ఒక్కొక్కటే చేసుకుంటూ వచ్చాను. క్లస్టర్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రాం ల్యాప్‌టాప్‌లో ముందే ఉంది. మా సీనియర్ పంపిన, ముంబయి క్లస్టర్ చిరునామా ఉన్న ఫైలుని దానికి జతచేశాను. క్లస్టర్‌లో ఏ కంప్యూటర్లున్నాయని అడిగితే ఒక్క పేరు చూపించి, పక్కన సిద్ధం అంది. ఒక్కటే ఏమిటా అనుకున్నాను గానీ, బయటికి అలాగే కనిపిస్తుందేమోలే అని సర్దుకున్నాను. కొత్త సాఫ్ట్‌వేర్ కోసం క్లస్టర్‌లో విడిగా ఒక జాగా పేరు పెట్టి తెరిచాను, తెరుచుకుంది. దాని డేటా దాచుకునే చోటుందా అని చూశాను, ఉంది.

మా సీనియర్‌కి ఫోన్ చేసి, జాగా తెరిచాను, నీ ల్యాప్‌టాప్‌లో చూడు అన్నాను. అవతల పాప ఏడుస్తోంది.

"ఏదండీ? ఇక్కడేం కనబట్లేదు మేడమ్."

"సరిగ్గా చూడు. నా ఎదురుగానే ఉంది."

"చూస్తున్నానండీ. మీరు చెప్పిన పేరుతో ఏదీ లేదు."

మళ్లీ తెరవబోయాను. అది ఇప్పటికే ఉందని బదులొచ్చింది. చెరిపి మళ్లీ చేశాను. నాకు కనబడింది, అతనికి కనబడలేదు. ఒకే ఇంట్లో ఉండి ఒకరు మంచం ఉందనీ ఇంకొకరు లేదనీ వాదించుకుంటున్నట్టుంది. అతని మర్యాద సన్నగిల్లింది, నా గొంతు పెరిగింది.

"మేడమ్, మీరు అసలు కమాండ్ కొట్టారా?"

"కొట్టకుండా ఎలా వస్తుందయ్యా? నేను అబద్ధం చెబుతున్నానా?"

ఫోన్ పెట్టేశాక అమ్మ అడిగింది. "ఏంటే, ఆ డబ్బా నీ మాట వినట్లేదా?"

"వింటోందమ్మా. చెప్పినవన్నీ చేస్తోంది. అదే అర్థం కావట్లేదు."

"చేస్తుంటే మరి ఆ అరుపులేంటి?"

కళ్లద్దాలు తీసి తుడుచుకుని సూచనల పేజీని మళ్లీ మొదటి వాక్యం నుంచి చదివాను. ప్రతి పదం తెలిసిందే. వరసగా చదివితే మాత్రం ఏమీ బోధపడలేదు. ఇన్నేళ్లూ పిల్లలకి ఏం చెప్పానా అని అనుమానం వచ్చింది.

అంతలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ చెడిపోయి చాలా రోజులైంది. ఫ్యాను ఆగింది, రూటర్ లైట్లు ఆరాయి. ల్యాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తోంది. ఊరికే కూర్చోలేక క్లస్టర్‌ని మళ్లీ అదే ప్రశ్న అడిగాను. వెంటనే బదులిచ్చింది. ఒక్క పేరు, పక్కన సిద్ధం.

ఇంటర్నెట్ లేదు. ముంబయి ఎలా పలికింది?

ఇంకోసారి అడిగాను. మళ్లీ పలికింది. ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను.

"మేడమ్, అది ముంబయి కాదండీ. మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. పాతాయన ప్రాక్టీసు కోసం చిన్న క్లస్టర్ పెట్టుకుని ఉంటాడు. నేను పంపిన చిరునామా దాని పక్కన చేరింది గానీ, మిషను ఇంకా పాతదాన్నే పట్టుకుని ఉంది."

"అంటే నేను సిద్ధం చేసింది?"

"మీ బల్ల మీదున్న దాన్నే అండి." అని నవ్వాడు. తర్వాత, "మీ మీద విసుక్కున్నాను, ఏమనుకోకండి" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

కరెంటు వచ్చాక అతను చెప్పినట్టు అసలు చిరునామాకి మారాను. ఈసారి చాలా పేర్లు వచ్చాయి. జాగా తెరవబోతే నీకు అనుమతి లేదంది. ఆ మాట వింటే విచిత్రంగా ధైర్యం వచ్చింది, నిజంగా ఎవరిదో గుమ్మం ముందు నిలబడినట్టు. అతను అనుమతి ఇచ్చాడు. డేటా దాచుకునే చోటు ఇక్కడ లేదు, దాన్నీ పెట్టుకున్నాం. మర్నాడు మధ్యాహ్నానికి సాఫ్ట్‌వేర్ ఎక్కింది. లాగిన్ పేజీ తెరుచుకోగానే అతను ఫోన్లో గట్టిగా కేకేశాడు. వెనకనుంచి అత్తగారు "పాప లేస్తుంది బాబూ" అన్నారు.

"ఇక ఆ పాత క్లస్టర్ తీసిపారెయ్యండి మేడమ్, మళ్లీ తికమక లేకుండా" అన్నాడు.

సరేనన్నాను. చెరిపే కమాండ్ కొట్టి, ఎంటర్ నొక్కబోయి ఆగాను. ఇప్పుడు నేను ఏ క్లస్టర్‌లో ఉన్నాను? ముంబయిదైతే అంతా చెరిగిపోతుంది. ఇంకో విండో తెరిచి అడిగితే పేరు చెప్పింది. ఆ పేరు దేనిదో ఫైల్లో చూసుకున్నాను. సరిగ్గానే ఉంది. అయినా నిన్న కూడా అన్నీ సరిగ్గానే కనిపించాయి కదా అనిపించింది. కొట్టిన అక్షరాలు ఒక్కొక్కటే వెనక్కి చెరిపేసి, ల్యాప్‌టాప్ మూసేసి, పక్క కుర్చీలో ఉన్న అమ్మని మెట్లు దింపడానికి లేచాను.