పుల్లెద్దు వెన్ను

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఇది గట్టిగా చెప్పుకునే మాట కాదు. పోయిన నెల గుడ్డలుతికే బండ దగ్గర నేను జారి పడితే, మనవరాలు ఎవరినీ నా మీద చెయ్యి వెయ్యనివ్వక, కదలకుండా చెక్కపలక మీద పడుకోబెట్టించి కోవిల్‌పట్టి ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ నా వెన్నుపూసలు ఒక్కొక్కటిగా నొక్కి చూస్తుంటే, నొప్పి కంటే ముందు మా పుల్లెద్దు గుర్తుకొచ్చి ఏడుపొచ్చింది.

తొంభైలలో మాట. మాది నల్లరేగడి, దీపావళి నాటి ఐప్పసి నెల వాన పడ్డాక తడి ఆరకముందే విత్తకపోతే ఆ ఏటికి ఏమీ లేదు. మా ఆయన పత్తి విత్తనాలకని విరుదునగర్ వెళ్ళిన పూట, నేను నీళ్ళకు తోలుకుపోతున్న పుల్లెద్దు వంక గట్టున జారి కూలబడింది. లేత ఎరుపు పుల్ల రంగుది, దూడనాటి నుంచి ఆయన చేత్తో గంజి తాపి పెంచిన ఎద్దు. ముందుకాళ్ళు గుంజుకుంటోంది గానీ వెనక్కాళ్ళు కదలవు. పొద్దు కుంకేలోగా లేవని ఎద్దు ఇక లేవదని మా వైపు అందరికీ భయం. అత్త పరుగెత్తుకొచ్చింది.

“ఏమ్మే, మాను మాదిరి నిలబడుండావు? తోక కొరుకు, లేసును!”

“నొచ్చును గదత్తా!”

“నొస్తే గదమే లేసేది! నాకు పల్లుంటే నిన్నెందుకడిగేను?”

బురదలో మోకరించి కసిగా కొరికాను. ఎద్దు ఒళ్ళంతా వణికి సగం లేచింది, బతికిపోయామనుకున్నాను. అంతలో నా అరచేతి కింద దాని నడుము ఎండు పత్తికట్టె విరిగినట్టు పటుక్కుమని కుంగిపోయింది. ఆ తరువాత ఎంత కొరికినా దానికి తెలియనే లేదు.

మరునాడు పశువుల డాక్టరు వెన్ను వెంబడి వేళ్ళతో తడుముతూ వచ్చి ఒకచోట ఆగి, అక్కడి నుంచి వెనకంతా సూదితో గుచ్చాడు. ఎద్దు తల తిప్పలేదు. కదపకుండా ఉంచితే బతికేదేమో, ఎవరు లేపారని అడిగాడు. అదే లేవబోయిందని అత్త అంది, నేను తలూపాను. నాలుగో రోజు అది, ఊరి నుంచి తిరిగొచ్చిన మా ఆయన ఒళ్ళో తలపెట్టి పోయింది.

విత్తాలని పుల్లెద్దు చోట ఆయన కాడికి తన భుజం పెట్టారు, నేను నాగలి మేడి పట్టాను. జత ఎద్దు ఆయన భుజం వాసన చూసి అడుగు వెయ్యలేదు. తడి ఆరిపోయింది, చేను బీడుపడింది. దాన్ని లేపింది నేనేనన్న నిజం తెలియకుండానే ఆయన తరువాత కన్నుమూశారు.

ఇప్పుడు మా పొలాల్లో ట్రాక్టరే, కాడి ఎరిగిన ఎద్దు ఒక్కటి లేదు. పడినవాళ్ళను తొందరపడి లేపకూడదని ఈనాడు పిల్లలకు కూడా తెలుసు. ఆ ఒక్క ముక్క ఆ రోజు నాకు తెలియలేదు. మీ ఇంట ఎవరూ పడకూడదు తల్లీ. పడినా, లేపబోయే ముందు పక్కన కూర్చునే మనిషి ఉండాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.