బియ్యం మందెలా అవుద్దండీ!

2023 వేసవి. అమలాపురంలో మా మెడికల్ షాపు. సముద్రంలో వేట నిషేధం నడుస్తోంది. ఓడలరేవు వైపు పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి.

సత్తిబాబుగారు సరంగు, అంటే పడవ నడిపే మనిషి. యాభై దాటాయి. కొలెస్ట్రాల్‌కి డాక్టరు రాసిన స్టాటిన్ మాత్ర ఏడాదిగా మా దగ్గరే కొంటున్నారు. లివరులో కొలెస్ట్రాల్ తయారీని తగ్గించే మందది. మాత్రలు జేబులో పెట్టుకున్నాక కూడా వెళ్లేవారు కాదు. కౌంటరు మీద మోచేతులు ఆనించి సముద్రం సంగతులు చెప్పేవారు. "ఒడ్డున నిద్ర పట్టదండీ. మంచం కదలదు కదండీ," అనేవారు.

ఒకరోజు, "మొక్కల నుంచి తీసినవి మంచివంటున్నారు. వాడొచ్చాండీ?" అని అడిగారు.

నేను ఊరుకుంటానా! "ఉమ్మెత్త మొక్క కాదా? గన్నేరు మొక్క కాదా? మొక్కలోంచి వచ్చింది కాబట్టి హాని చెయ్యదనడం ఏం తర్కమండీ? ఆ గడ్డి కోసం మాత్ర మానేస్తారా?" అని పది నిమిషాలు దంచాను. షాపులో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన ప్రతి మాటకీ "ఆయ్, ఆయ్" అన్నారు. ఒప్పించేశాననుకున్నాను. మా వైపు ఆ మాటకి చాలాసార్లు వింటున్నానని మాత్రమే అర్థం. ఇక్కడే పుట్టిన నాకు అది తెలియదా? గెలిచిన సంబరంలో మర్చిపోయాను.

నిషేధం ముగియడానికి పది రోజుల ముందు మళ్లీ వచ్చారు. మెట్టెక్కడానికి తలుపు పట్టుకున్నారు.

"తొడలు పిండేస్తన్నాయండీ. నిన్న తాడు లాగబోతే చెయ్యి లేవలేదు. పదిహేనో తారీఖుకి పడవెక్కాలండీ. ఏదన్నా గట్టి మాత్ర ఇవ్వండి."

"కొలెస్ట్రాల్ మాత్ర కాక ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

"లేదండీ. మీ మీదొట్టు."

స్టాటిన్‌తో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. కానీ ఏడాదిగా లేనిది ఇప్పుడెందుకు? డాక్టరుకి చూపించమన్నాను. "ఆయన పడవెక్కొద్దంటారండీ," అని నొప్పుల ఆయింట్‌మెంటు కొనుక్కుని వెళ్లిపోయారు.

నాలుగో రోజు ఆయన భార్య మంగమ్మగారు ఒక ఖాళీ సీసా తెచ్చారు. "ఇవి మీ దగ్గర దొరుకుతాయాండీ? రోజుకి రెండు వేసుకుంటారు. రెండు నెలల నుంచీ."

సీసా మీద పచ్చటి ఆకుల బొమ్మ. వెనక చిన్న అక్షరాల్లో, రెడ్ ఈస్ట్ రైస్. ఒక రకం బూజుతో పులియబెట్టగా ఎర్రబడ్డ బియ్యం. అందులో మోనకోలిన్-కె అనే పదార్థం ఉంటుంది. రసాయనికంగా అది ఒక స్టాటినే. అంటే ఆయన రెండు స్టాటిన్లు కలిపి మింగుతున్నారు. వెంటనే ఫోన్ చేశాను.

"మందులేవీ వాడట్లేదని ఒట్టేశారు కదండీ!"

"బియ్యం మందెలా అవుద్దండీ! మాత్ర మానొద్దన్నారు మీరు. మానలేదు కదండీ."

ఆయన అబద్ధమాడలేదు. నేనే తప్పు మాట పెట్టి అడిగాను.

ఆ రోజే డాక్టరు సీపీకే పరీక్ష చేయించారు. దెబ్బతిన్న కండరం నుంచి రక్తంలోకి వచ్చే ఎంజైమును కొలిచే పరీక్ష అది. చాలా ఎక్కువ వచ్చింది. మాత్ర, సీసా రెండూ ఆపించి, బరువు పనులు చెయ్యొద్దన్నారు. పదిహేనో తారీఖున పడవ వేరే సరంగుతో వెళ్లింది. రేవుకెళ్లి, అది కనపడనంత దూరం పోయేదాకా ఈయన నిలబడే ఉన్నారని మంగమ్మగారు చెప్పారు.

పరీక్షించకుండా నమ్మడం మూఢత్వమని హేతువాద సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. పరీక్షించకుండా కొట్టిపారేయడం మాత్రం ఏమిటి? గడ్డి అని ఎగతాళి చేశాను. అది గడ్డి కాదు, పేరు మార్చుకున్న మందు. ఆ రోజు "ఏదీ, సీసా చూపించండి" అని ఒక్క మాట అనుంటే ఆయనకి ఆ సీజను దక్కేది.

చలికాలంలో, డాక్టరు మార్చి రాసిన మాత్ర కోసం వచ్చారు.

"కాళ్లెలా ఉన్నాయండీ?"

"కాళ్లు బానే ఉన్నాయండీ. పడవే లేదు. ఓనరుగారు విశాఖ వాళ్లకి అమ్మేశారు. రొయ్యల చెరువు మీద కాపలా ఉంటన్నాను."

"పోన్లెండి, నీళ్ల దగ్గరే ఉన్నారు."

"ఈ నీళ్లు ఎక్కడికీ తీసుకెళ్లవు కదండీ."

మాత్రలు కవరులో పెట్టి ఇచ్చాను. ఇప్పుడు మందులేం వాడుతున్నారని ఎవర్నీ అడగను. పొద్దున లేచిన దగ్గర్నుంచి నోట్లో ఏమేం వేసుకుంటారని అడుగుతాను. పొడులు, కషాయాలు, గింజలు, సీసాలు సంచుల్లో తెచ్చి కౌంటరు మీద పెడతారు. ముందు కళ్లజోడు పెట్టుకుని లేబుల్ చదువుతాను. చాలాసార్లు వాదించే అవసరమే రాదు.