రెండు కొండల కేసు

ఆ రోజుల్లో నా అంత తెలివిగలవాడు లేడని నేను అనుకునేవాణ్ణి. (కాదని చెప్పడానికి మనుషులు దొరకలేదు, లాక్‌డౌన్ కదా.) జర్మనీలోని జీగెన్‌లో మాస్టర్స్ చదువుతూ, ఐదు క్రెడిట్ల కోసం ఫ్రెంచి పల్లె దృశ్యాల చిత్రలేఖనం మీద ఆన్‌లైన్ కోర్సులో చేరాను. "నాలుగు గీతలు గీస్తే పాస్ చేస్తరు తమ్మీ, ఫికర్ చెయ్యకు" అన్నాడు సీనియర్ అన్న. తలరాతతోపాటు తలగీత కూడా ఉంటుందని అప్పటికి తెలియదు. గుంటూరు రూమ్మేటునీ నేనే లాక్కొచ్చి చేర్పించాను.

ప్రొఫెసరమ్మ ఆరు వారాలు తెరమీద ఫ్రెంచి పొలాలు చూపించింది. గడ్డివాము, వరుసగా పొడుగుచెట్లు, వెనక చర్చి శిఖరం, మళ్ళీ గడ్డివాము. ఎవరు గీసినా అవే. "ఇది ఒక జాతి జ్ఞాపకం" అనేది తన్మయంగా. చివరికి, మీ బాల్యపు నేలను గీసి పంపండి అంది.

నేను పెరిగింది కూకట్‌పల్లి అపార్టుమెంటులో. ఆలోచించేలోపే నా చెయ్యి బళ్ళో నేర్చిన సీనరీ గీసేసింది: రెండు కొండలు, మధ్యన సూర్యుడు, కిందికి ఏరు, పక్కన గుడిసె, నాలుగు పక్షులు. పక్కగదిలో రూమ్మేటు గీసిందీ అదే, గుడిసె తలుపుతో సహా.

మర్నాడు ఇద్దరికీ కాపీ కొట్టారని నోటీసు. క్రెడిట్లు పోతే ఇంకో సెమిస్టరు, వీసా పొడిగింపుకి మళ్ళీ టెర్మిన్, అంటే ఆఫీసువాళ్ళ అపాయింట్‌మెంటు (అప్పట్లో దానికన్నా దైవదర్శనం తేలిక).

"మేడమ్, మా దగ్గర పిల్లలంతా ఇదే గీస్తారు" అన్నాను వీడియోలో.

"అంతా అంటే?"

"అంతా, మేడమ్."

"అలాగైతే ఇందులో మీదేముంది?"

పక్కనే కూర్చున్న రూమ్మేటు మైకు ఆపి నావైపు తిరిగాడు. "వాళ్ళు వందమంది ఒకే గడ్డివాము గీస్తే సంస్కృతి అంట, మనిద్దరం గీస్తే దొంగతనమంట. ఏందిరా ఇది?" మైకు మళ్ళీ తెరవలేదు. (నేనూ తెరిచి ఆ మాట అనలేదు. అది ఇప్పటికీ గుచ్చుతుంది.)

మళ్ళీ గీయడానికి వారం ఇచ్చింది. రూమ్మేటు రోషంతో గీయలేదు. ఇంకో సెమిస్టరు చదివాడు. నేను ఆవిడ చూపించిన పొలాల్లోంచే ఒకటి తీసుకుని, కుడి ఎడమలు మార్చి, చర్చి చోట గోపురం, గుర్రం చోట గేదె పెట్టి, "మా అమ్మమ్మగారి ఊరు" అని పేరు రాసి పంపాను. (అమ్మమ్మది దిల్‌సుఖ్‌నగర్.)

"ఇప్పుడు మీ మట్టి కనిపించింది" అని రాసి, అందరికన్నా మంచి గ్రేడు ఇచ్చింది. ఆంక్షలు ఎత్తేశాక ఫ్రేము కట్టించి డిపార్టుమెంటు వరండాలో తగిలించింది కూడా. పట్టా తీసుకున్న రోజు ఆవిడతో కలిసి దాని ముందు ఫోటో దిగాను.

"ఆ ఊరికి ఇప్పటికీ వెళ్తుంటారా?" అంది.

"వీలైనప్పుడల్లా, మేడమ్."