వెళ్లిపోయే తేసిక్ అన్న

మా బాంగ్ తేసిక్ అన్నకి ఒక్కటే అలవాటు: వెళ్లిపోవడం. అంటే వెళ్లేవాడని కాదు, వెళ్లిపోతున్నానని చెప్పేవాడు. ప్రతి సెమిస్టరు చివరా సియోల్లో పేరుమోసిన విశ్వవిద్యాలయానికి మారిపోతున్నానని ప్రకటించి, మా చేత వీడ్కోలు విందు పెట్టించుకుని, సెలవులయ్యాక అదే సంచీతో అదే గదిలో దిగేవాడు.

మాది కాంగ్వన్ కొండల్లో ఒక చిన్న కాలేజీ. అందులో చేరిన రోజున మోక్ పిన్ని నాకు చూపించిన గదిలో ఆయన అప్పటికే ఉన్నాడు. పిన్ని అంటే మాకు బస, భోజనం ఇచ్చే ఇంటి యజమానురాలు. ఆమె వయసెంతో ఎవరికీ తెలియదు గానీ అందరికీ పిన్నే.

“నాతో మరీ చనువు పెంచుకోకు తమ్ముడూ,” అన్నాడు తేసిక్ అన్న. “వచ్చే సెమిస్టరుకి నేనుండను. సియోల్ వెళ్లిపోతున్నా.”

“సీటొచ్చిందా అన్నా?”

“వస్తుంది.”

“పరీక్ష రాశావా?”

“రాస్తాగా.”

నేల కింద నుంచి వేడి పెట్టే ఏర్పాటున్నా, ఆ గదిలో ఒక మూలే వెచ్చగా ఉండేది. మిగతాదంతా చేపల మార్కెట్లో గచ్చులా ఉండేది. అన్న తన పరుపు తీసి చల్లటి వైపుకి లాక్కున్నాడు. “నువ్వా మూల పడుకో. వెళ్లిపోయేవాడికి వెచ్చదనం అలవాటైతే తర్వాత కష్టం,” అన్నాడు. నాకు తిక్క మనిషి దొరికాడనుకుని ఆ మూలలో హాయిగా నిద్రపోయాను.

తొలి మంచు పడ్డ వారం మా క్లాసు ప్యో సాంగుక్ పల్చటి జాకెట్లో వణుకుతూ భోజనానికి వచ్చాడు. తేసిక్ అన్న తన కోటు విప్పి వాడి మీద పడేశాడు.

“ఇది నీకు పట్టుద్దేమో చూడరా. సియోల్లో ఇంత లావు కోటేసుకుంటే పల్లెటూరోడని నవ్వుతారంట.”

“మరి నీకు?”

“నేను వెళ్లిపోతున్నాగా.”

వెళ్లలేదు. ఆ చలికాలమంతా పిన్ని ఇచ్చిన దూది చొక్కా వేసుకుని కాలేజీకి వచ్చాడు. ఊదారంగు మీద ఎర్ర గులాబీలు. వంతెనల పాఠం చెప్పే మా ప్రొఫెసర్ కాసేపు ఓర్చుకుని, “బాంగ్, ఆ పూలేమిటి?” అన్నాడు.

“ఎలాగూ వెళ్లిపోతున్నాను కదండీ, ఇక్కడెవరు గుర్తుపెట్టుకుంటారు?”

ఆ పూలచొక్కాని మరిచిపోయినవాడు మా కాలేజీలో ఈనాటికీ లేడు.

తన బల్లదీపం ఒకడికి, నిఘంటువు ఒకడికి, మంచి బూట్లు ఇంకొకడికి. వెళ్లకుండా ఆగిపోయినప్పుడు ఒక్కటీ వెనక్కి అడిగేవాడు కాదు. మేం అన్న తలకి చిల్లుందని తేల్చేశాం. విందుకి పంది మాంసం కోస్తూ పిన్ని మాత్రం గొణిగేది: “పెళ్లికూతుర్నయినా ఒక్కసారే సాగనంపుతారు. వీణ్ణి సాగనంపీ సాగనంపీ నా రెక్కలు పడిపోయాయి.”

ఒక ఏడాది చివర నిజంగానే పరీక్షకి బయల్దేరాడు. పరీక్ష పొద్దున జారుడుగా ఉండే సముద్రపు నాచు పులుసు తింటే పరీక్షలోనూ జారి తప్పుతారని మా దేశంలో పసిపిల్లలకి కూడా తెలుసు. అన్న వంటింట్లో దూరి గిన్నెడు నాచు పులుసు తాగి, ఇంకో గిన్నె అడిగాడు.

“జారిపోతావురా సన్నాసీ,” అంది పిన్ని.

“జారితే ఇక్కడేగా పడతాను పిన్నీ.”

పులుసు పనిచేయలేదు. ఒక సాయంత్రం భోజనాల దగ్గర, జ్వరమొచ్చిందని చెప్పినట్టుగా, “సీటొచ్చింది,” అన్నాడు. ఎవరూ తలెత్తలేదు. సాంగుక్ అలవాటు కొద్దీ, “విందెప్పుడన్నా?” అన్నాడు. అన్న ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయాడు. అప్పుడు మాకందరికీ ఒక్కసారే అర్థమైంది, ఈసారి నిజమని.

ఇక మొదలైంది అసలు గోల. వెళ్లాలా, ఉండాలా? కనబడ్డవాణ్ణల్లా అడిగాడు. జుమున్‌జిన్‌లో చేపల పడవ నడిపే నాన్నకి ఫోన్ చేశాడు.

“ఏమన్నారు?” అన్నాను.

“‘ఏ నీళ్లలో ఉంటావని చేపనెవడూ అడగడు’ అని పెట్టేశాడు. అంటే వెళ్లమనా, ఒద్దనా?”

ప్రొఫెసర్ దగ్గరికి నన్నూ వెంటబెట్టుకెళ్లాడు. “ఇక్కడ నువ్వు ముందు వరసలో ఉన్నావు. అక్కడ చివరి వరస, చాలాకాలం,” అన్నాడాయన. “కానీ నాకొచ్చిందంతా నీకు చెప్పేశాను. ఇంకా నా దగ్గరుంటే నా తప్పులు కూడా నేర్చుకుంటావు.”

“అక్కడ నాకెవరూ తెలీదండీ.”

“ఇక్కడికొచ్చినప్పుడు ఎవరు తెలుసు?”

చివరికి పిన్ని గరిటె పక్కన పెట్టి అడిగింది. “ఉండాలనే ఉంటే ఇన్నాళ్లూ వెళ్తా వెళ్తా అని ఎందుకన్నావురా?”

“అది వేరు పిన్నీ.”

“ఏం వేరు?”

అన్న చెవులు ఎర్రబడ్డాయి. ఆ వారమే సియోల్ బస్సెక్కాడు. ఆ ఒక్కసారికే మేం విందు చేయలేదు. ఎవరికీ తినబుద్ధి కాలేదు.

వసంతంలో చూడ్డానికి వెళ్లాను. అన్న క్లాసుకి వెళ్లాడు. గదిలో నామ్‌గుంగ్ హ్యోక్ అనే, అన్నతో గది పంచుకునే పొడుగాటి మనిషి ఉన్నాడు. సైన్యంలో పనిచేసి వచ్చి చదువు కొనసాగిస్తున్నాడట. పిన్ని అన్నకిచ్చి పంపిన కరెంటు దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చున్నాడు.

“మీరు తేసిక్ గారి పాత కాలేజీవాళ్లా?” అన్నాడు. “ఒక మాట అడగొచ్చా? ఆయన నిజంగా వచ్చే సెమిస్టరుకి మీ కాలేజీకి వెనక్కి వచ్చేస్తున్నారా?”

నేను సంచీ కింద పెట్టి, “వెనక్కా?” అన్నాను.

“ఎందుకంటే,” అని దుప్పటి అంచు సర్దుకున్నాడు, “ఇది నాకిచ్చేశారు. మీ దగ్గర నేలే కాలిపోయేంత వెచ్చగా ఉంటుందట కదా. నా దగ్గర లేదని జాలిపడి ఇచ్చారేమోనని మొదట్లో పుచ్చుకోలేదు. జాలితో ఇచ్చింది నేను పుచ్చుకోను.”

నేను వెచ్చటి మూలలో హాయిగా నిద్రపోయిన చలికాలాలన్నీ ఒక్కసారి వీపు మీద చల్లగా పాకాయి.

“వచ్చేస్తున్నాడు,” అన్నాను. “పిన్ని గది కడిగించి పెట్టింది. ఇక్కడి సామాను తెస్తే పెట్టడానికి చోటు కూడా లేదు.”

వెనక ఎవరో దగ్గారు. తేసిక్ అన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“విన్నావుగా,” అన్నాడు హ్యోక్‌తో, ముఖం ఏమాత్రం మారకుండా.

నన్ను బస్సు దాకా సాగనంపుతూ, చివరి వరసలో కూర్చోవడం కష్టంగానే ఉందని, కానీ పాఠాలు బాగున్నాయని చెప్పాడు. బస్సు కదలబోతుంటే అడిగాడు.

“గదిలో నా చోటు నిజంగానే ఖాళీగా ఉందా?”

“ఉందన్నా. పిన్ని ఎవరికీ ఇవ్వడం లేదు.”

“ఇచ్చేయమను.”

“అంటే నువ్విక రానని చెప్పనా?”

“ఆ మాటెందుకు?” అన్నాడు కంగారుగా. “వచ్చే సెమిస్టరుకి వచ్చేస్తున్నానని చెప్పు.”

అలాగే చెప్పాను. పిన్ని ముక్కు చీది, “ఆఁ, వస్తాడు, వస్తాడు,” అని, మర్నాడే ఆ చోటు కొత్తగా చేరినవాడికి ఇచ్చేసింది.