లాగ్‌బుక్కులో అత్తయ్య ఇంగ్లీషు

మా అత్తయ్య ఓ పెద్ద ఆస్పత్రి లాండ్రీలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తోంది. అక్కడ మూడు వాషింగ్ మెషీన్లు, రెండు డ్రయ్యర్లు, దుప్పట్ల ముడతలు తీసే ఒక పొడవాటి రోలరు ఉంటాయి. అన్నీ ఆవిరితో నడిచేవే. వేడినీళ్లలో నాని నాని ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. కొత్తగా పెట్టిన హాజరు మెషీను ఆమె వేలిని గుర్తుపట్టదు. "మనుషులే గుర్తించలేదు, పాపం దాన్నెందుకు అనడం?" అని ఆమె రోజూ పుస్తకంలో సంతకం పెట్టి లోపలికి వెళ్తుంది. లాండ్రీలో అందరూ ఆమెను ఆవిరత్త అంటారు.

కిందటేడు షిఫ్టు ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయింది. ఏ మెషీను ఎప్పుడు మొరాయిస్తుందో దాని చప్పుడు విని చెప్పగలిగేది ఆమె ఒక్కతే. కానీ ఇన్‌చార్జి అయితే లాగ్‌బుక్కు ఇంగ్లీషులో రాయాలి. అందుకని నా దగ్గరికొచ్చింది.

"తొమ్మిదిదాకా చదివాన్రా. అక్షరాలొచ్చు, మాటలూ కొన్నొచ్చు. వాక్యం మాత్రం కుదరదు. నువ్వు నేర్పు."

నేను జిరాక్స్ షాపులో పనిచేస్తాను. జనం కాపీలు తీయించుకుని అక్కడే మరిచిపోయిన పుస్తకాలు చదివి నేర్చుకున్న ఇంగ్లీషు నాది. అలా దొరికిన ఒక గ్రామరు పుస్తకానికి మొదటి సగం లేదు. జరిగిపోయిన క్రియ ఒకటి, దాని వెనకాల 'టు' పెట్టి ఇంకో క్రియ, ఆ పాఠంతో మొదలయ్యేది. అందుకే అత్తయ్య ఇంగ్లీషు కూడా అక్కణ్ణుంచే మొదలైంది.

"ఐ ట్రైడ్ టు ఓపెన్ ద డోర్. తలుపు తీయడానికి ప్రయత్నించాను."

"తీసినట్టా, తీయనట్టా?"

"అది చెప్పదు."

"అచ్చం మీ మామయ్యే. బల్బు మారుద్దామనుకున్నా అంటాడు. ఇల్లు చూస్తే చీకటి."

ఫర్గాట్ టు, రిఫ్యూజ్డ్ టు, డిసైడెడ్ టు. మొదటిదానికి ఆమె పనిలోంచే 'ప్రెషర్ చూడ్డం మర్చిపోయాను' అని చెప్పాను. మిగతా ఉదాహరణలు మాత్రం నా కడుపుమంటలోంచి వచ్చాయి. ఆ ఏడాది రెండు ఉద్యోగాలు చేతిదాకా వచ్చి జారిపోయాయి. బాసు మాట వినడానికి నిరాకరించాను, ఉద్యోగం వదిలేయాలని నిశ్చయించుకున్నాను, ఇలాంటి వాక్యాలే నా నోట్లోంచి ఊడిపడేవి.

"ఇవేం మాటల్రా, శుభమా అని నేర్చుకుంటుంటే" అంది అత్తయ్య.

"వాక్యం కుదిరిందా లేదా చూసుకో. అర్థంతో నీకేం పని?" అన్నాను.

మెషీను ఒకసారి తిరగడం మొదలుపెడితే నలభై నిమిషాలు ఆమెకు చేతులు ఖాళీ. రాసుకోవడానికి కాగితం కావాలి. ఎదురుగా ఉన్నది లాగ్‌బుక్కు. ఆ బుక్కుతో లాండ్రీలో ఒక అలవాటుంది. షిఫ్టు మొదలవగానే, మెషీన్లు ఎలా నడుస్తున్నాయో గంటగంటకీ చూసి నింపాల్సిన ఎనిమిది గళ్లూ ఒకేసారి 'ఓకే' అని నింపి మూసేస్తారు. మళ్లీ తెరిచే నాథుడుండడు. పేజీలో కింది సగం ఎప్పుడూ ఖాళీయే. అత్తయ్య అక్కడ తన పాఠం రాసుకుంది. ఎన్నేళ్ల అలవాటో, చివర సంతకం కూడా పెట్టింది.

ఆస్పత్రికి కొత్త ఇంజనీరు వచ్చింది. ఆవిడ ఆ బుక్కు తెరిచి చదివింది.

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య నా షాపుకొచ్చింది. యూనిఫారం కూడా మార్చుకోలేదు. "రేపు పదకొండింటికి ఇంజనీరు గదికి రమ్మన్నారు. మా లాండ్రీ సూపర్‌వైజరు ఆ పేజీ అందరి ముందూ చదివి వినిపించాడు. 'ప్రెషర్ చూడ్డం మర్చిపోయానని నువ్వే రాశావు. బాసు మాట వినన్నావు. ఉద్యోగం వదిలేస్తానన్నావు. కింద సంతకం. ఇంక మేం తీసేసే శ్రమ కూడా లేదు' అన్నాడు."

ప్రతి వాక్యం నాదే.

"నువ్వు కూడా రా. ఆ పుస్తకం తీసుకురా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంజనీరు గదిలో బల్ల మీద లాగ్‌బుక్కు తెరిచే ఉంది. పక్కన సూపర్‌వైజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను గ్రామరు పుస్తకం పెట్టి, పాఠం చూపించి, ఇది అభ్యాసం అని చెప్పాను. ఆవిడ పేజీలు తిప్పింది.

"ఇందులో బాసు మాట విననని ఎక్కడా లేదే."

"అది నేను చెప్పిన ఉదాహరణ, మేడమ్."

"నీ బాసెవరు?"

"జిరాక్స్ షాపు ఓనరు."

సూపర్‌వైజరు ఒక్కడే నవ్వాడు. ఆవిడ అత్తయ్య వైపు తిరిగింది. "సరేనమ్మా, కింద రాసింది పాఠం. మరి పైన ఎనిమిది ఓకేలు? అవి నిజమేనా?"

అత్తయ్య సూపర్‌వైజరును చూసింది. అతను ఫ్యాను చూశాడు.

ఆవిడ ఒక తెల్లకాగితం ముందుకు జరిపింది. "నిన్న మీ షిఫ్టులో జరిగింది జరిగినట్టు రాయండి. మీకొచ్చిన ఇంగ్లీషులోనే. తప్పులు వెతకను."

అత్తయ్య కుర్చీ అంచున కూర్చుని ఇరవై నిమిషాలు రాసింది. పెన్ను ఎంత నొక్కిందంటే కాగితం వెనక వైపు అక్షరాలు తేలాయి. మేడమ్ దాన్ని పైకే చదివింది.

"ఐ ట్రైడ్ టు ఓపెన్ నంబర్ టూ డోర్. డోర్ రిఫ్యూజ్డ్ టు ఓపెన్. హాట్ వాటర్ స్టార్టెడ్ టు కమ్. ఐ డిసైడెడ్ టు స్టాప్ స్టీమ్. ఐ వాంటెడ్ టు టెల్ సూపర్‌వైజర్. హీ రిఫ్యూజ్డ్ టు లిసన్."

ఆవిడ కాగితం బల్ల మీద పెట్టి అత్తయ్య వైపు చూసింది.

"ఎన్నాళ్లుగా కారుతోంది?"

"మూడు వారాలండి. చెప్పిన ప్రతిసారీ ఓకే అనే రాయమన్నారు."

మేడమ్ బుక్కు వెనక్కి తిప్పుతూ పోయింది. "నాలుగు నెలల పేజీలు చదివాను, ఓకే తప్ప మరో ముక్క లేదు. ఆ తలుపు ఎవరి మీదైనా ఊడి ఉంటే అదీ ఓకేనే అయ్యేదేమో." సూపర్‌వైజరుతో, "రెండో మెషీను ఇప్పుడే ఆపించండి. మీరు సాయంత్రం మళ్లీ రండి" అంది. తర్వాత అత్తయ్యతో, "రేపట్నుంచి మీ షిఫ్టు బుక్కు మీరే రాయండి, ఏ గంటది ఆ గంటకే. ఇన్‌చార్జి పోస్టుకి మీ పేరు నేను పంపిస్తాను. పాఠాలు మాత్రం వేరే నోటుబుక్కులో, సరేనా?"

బయట మెట్ల మీదికి వచ్చాక అత్తయ్య కూలబడింది.

"ఏమందిరా ఆవిడ? మళ్లీ చెప్పు."

చెప్పాను.

"తీసేయట్లేదుగా?"

"లేదత్తయ్యా. పేరు పంపిస్తానంది."

"ఇంకోసారి చెప్పు."

మూడోసారి చెబుతుంటే ఆమె నోరు తెరిచింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. పెద్ద ఆవలింత వచ్చింది. తర్వాత ఇంకొకటి. రాత్రి కన్ను మూయలేదట. గోడకు తల ఆనించి, "పది నిమిషాలు చూసి లేపరా" అంటూనే నిద్రపోయింది. జనం మెట్లెక్కి దిగుతున్నారు. నేను ఎవరూ ఆమెను తగలకుండా కాళ్లు చాపి అడ్డంగా కూర్చున్నాను. పది నిమిషాలూ అయ్యాయి గానీ లేపబుద్ధి కాలేదు.